పన్నెండడుగుల ప్రోటోకాల్

దేవిక అత్తవారింటికి కాపురానికి వచ్చిన రోజున చేసిన మొదటి పని గడపలో కుడికాలు పెట్టడం కాదు, ఎడమకాలి చెప్పు కాలవలో పడేసుకోవడం.

నడిపల్లిపాడు ఊరికీ, దాని శివారు అవతలిపేటకీ మధ్య తొమ్మిదడుగుల మురుగుకాలవ ఉంది. దాని మీద రెండు తాటిపట్టెలు ఉన్నాయి. ఒకటి కదులుతుంది. రెండోది, మొదటిది కదలడం చూసి కదులుతుంది. ఆ రోజు దేవిక ఒంటి మీద పట్టుచీర, నుదుట బాసికం, చేతిలో గోవర్ధన్ చిటికెనవేలు ఉన్నాయి. చెప్పు పోయింది గానీ వేలు మాత్రం వదల్లేదని ఆమెకి ఇప్పటికీ గర్వమే.

పెళ్ళయిన నెలకి పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. ఊళ్ళో ఇంతవరకు ఎవరితోనూ తగాదా పడని ఆడమనిషి ఎవరా అని పెద్దలు వెతికితే, వచ్చి నెలే అయింది కాబట్టి దేవిక ఒక్కతే తేలింది. పైగా డిగ్రీ చదివింది. ఆమె ఒకే ఒక్క వాగ్దానం చేసింది. వానలు పడేలోగా కాలవ మీద వంతెన వేయిస్తానంది.

ఆ వాగ్దానానికి కారణముంది. జూన్ నెలాఖరుకి కాలవ పొంగి తాటిపట్టెల మీద నుంచి పారుతుంది. అవతలిపేట పిల్లలు నలభై ఆరుగురు ఆగస్టు దాటేదాకా బడి మొహం చూడరు. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఐదు కిలోమీటర్లు. ఐదో తరగతి రెండుసార్లు చదివినవాళ్ళు పేటలో పదకొండు మంది ఉన్నారు. తెలివి తక్కువై కాదు, కాలవ ఎక్కువై.

అందుకని ఏప్రిల్ మొదటి వారంలో దేవిక కొత్త గాజులు గలగలలాడించుకుంటూ మండల కార్యాలయానికి వెళ్ళింది. వెంట పంచాయతీ కార్యదర్శి త్రిమూర్తులు ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఫైలుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతోనూ పట్టుకుంటాడు.

వంతెన కాగితాలు చూసే సూపరింటెండెంటు పరాంకుశంగారు. అందరూ బల్ల అద్దం కింద దేవుడి బొమ్మలు పెట్టుకుంటారు. ఆయన మాత్రం ఏ హోదా తర్వాత ఏ హోదా రావాలో తెలిపే జాబితా పెట్టుకున్నాడు. పొద్దున్నే వచ్చి దానికే దణ్ణం పెడతాడని వినికిడి.

"కూర్చోండమ్మా. వంతెన. చాలా ఉదాత్తమైన ఆశయం. శిలాఫలకం ఏదీ?"

"వంతెన ఇంకా మంజూరే కాలేదు కదండీ."

"అందుకే అడుగుతున్నాను." పరాంకుశం సొరుగులోంచి ఒక ఉత్తర్వు తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "సదరు పని మంజూరు కోరు ప్రజాప్రతినిధి ముందుగా శిలాఫలకమును సిద్ధపరచి, దానిపై ప్రోటోకాలు లోపములు లేవనియు, ఏ గౌరవనీయుని మనస్సు నొచ్చుకొనలేదనియు నిరభ్యంతర పత్రము పొందిన మీదట మాత్రమే, పని ప్రతిపాదనలు పంపవలెను."

దేవికకి అర్థం కాలేదు. ఆయన జాలిగా చూశాడు.

"పూర్వం ఏం జరిగేదో తెలుసా అమ్మా? ముందు పని మొదలుపెట్టేవారు. తర్వాత రాయి మీద నా పేరు పైనంటే నా పేరు పైనని తగాదా పడేవారు. సగంలో పనులు ఆగిపోయేవి. ప్రభుత్వం బాగా ఆలోచించి, ముందు తగాదా పూర్తిచేయాలి, తర్వాతే పని అని నిర్ణయించింది. ఈ ఉత్తర్వు వచ్చాక మన మండలంలో ఒక్క పని కూడా సగంలో ఆగలేదు."

"పూర్తయినవి ఎన్నండీ?"

"మొదలైతే కదమ్మా," అన్నాడు పరాంకుశం, ఎంతో తృప్తిగా.

"పోనీ, వంతెనకి నిధులున్నాయాండీ?"

"వంతెనకి లేవు. శిలాఫలకానికి ఉన్నాయి. అది గౌరవ పద్దు. తిండికి లోటు రావచ్చు, నీటికి లోటు రావచ్చు, గౌరవానికి ఎన్నడూ లోటు రాకూడదు."

శిలాఫలకాలు చెక్కేది మండల కేంద్రంలోనే, బస్టాండు వెనక చిట్టబ్బాయి. వంతెన అడిగితే ఊళ్ళు ముసలివైపోతాయి గానీ, రాయి అడిగితే నాలుగో రోజుకల్లా వచ్చేసింది. మూడడుగుల నల్లరాయి, అద్దంలా మెరుస్తోంది. పైన లతలు, కింద లతలు, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో ఐదు పేర్లు. దేవిక ముచ్చటపడి దాంట్లో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. గోవర్ధన్ వెనక నుంచి తొంగి చూసి, "వంతెన సంగతేమో గానీ అద్దం బావుంది సర్పంచిగారూ," అన్నాడు. అతను మోటార్లు బాగుచేస్తాడు. పెళ్ళయి నాలుగు నెలలైనా ఆమెని పేరు పెట్టి పిలవడానికి ఇంకా సిగ్గే. పదవి రావడం అతనికి అలా కలిసొచ్చింది.

వారం తిరక్కుండా మండల ఉపాధ్యక్షుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. శిలాఫలకంపై తన పేరు లేనందున మనస్తాపానికి గురైనట్టు అందులో ఉంది.

"అయిదో పేరు కింద చోటుందిగా. ఆయన పేరు చెక్కించేద్దాం," అంది దేవిక.

పరాంకుశం కళ్ళజోడు తీసేశాడు. "ఇరికించడమా? ఒక గౌరవనీయుని ఇరికించడమా? కొత్తది చెక్కించాలమ్మా."

"మరి పాతది?"

"పగలగొట్టరాదు, అమ్మరాదు, చెరపరాదు. పంచాయతీవారు తమ అధీనంలో భద్రపరచవలెను."

పంచాయతీ ఆఫీసు అంటే ఒక గది, అందులో ఒక బీరువా, బీరువా మీద ఒక పిల్లి. అందుచేత రాయి దేవిక ఇంటి పెరట్లోకి వచ్చింది. రెండో రాయి నాలుగడుగులు, తొమ్మిది పేర్లు. దాంట్లో పార్లమెంటు సభ్యుడి పేరు పుట్టుకతోనే పొడుగైంది కావడంతో, ఆయన వరస మంత్రిగారి వరస కన్నా రెండంగుళాలు ముందుకు పోయింది. మంత్రిగారి మనుషులు నొచ్చుకున్నారు. మూడో రాయి ఐదడుగులు, పదమూడు పేర్లు. అది వచ్చేటప్పటికి మే నెల సగం అయిపోయింది. పెరట్లో మూడు రాళ్ళు గోడకి ఆనుకుని పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాయి. కాలవ మీద తాటిపట్టెలు ఎప్పట్లాగే కదులుతున్నాయి.

"నా సర్వీసులో మూడు వంతెనలు శిలాఫలకం దగ్గరే ఆగిపోయాయండమ్మా," అన్నాడు త్రిమూర్తులు. "మీరు దిగులు పెట్టుకోకండి. వచ్చే ఏడు నేనూ రిటైరవుతాను."

అందులో ఓదార్పు ఎక్కడుందో దేవికకి తెలియలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె పెరట్లోకి వెళ్ళేసరికి రాళ్ళు రెండే ఉన్నాయి. అత్తగారు సుభద్ర పాలచెంబుతో పాక లోంచి వస్తోంది. ఇంటికీ గేదెల పాకకీ మధ్య రెండడుగుల నీటి బోదె ఉంది. సుభద్ర రోజూ దాన్ని ఒక్క అంగలో దాటుతుంది. ఈవాళ మాత్రం దర్జాగా నడిచి వచ్చింది. బోదె మీద మూడడుగుల రాయి బోర్లా పడుకుని ఉంది.

"అత్తయ్యా, అది ప్రభుత్వానిదండి."

"అయితే ఏంటంట? గట్టిగానే ఉందే." సుభద్ర మడమతో ఒకసారి తన్ని చూపించింది. "పేర్లు కిందకి పెట్టానులే. పెద్దోళ్ళ పేర్లు తొక్కకూడదని నాకూ తెలుసు."

దేవిక ఆ రాయి వంక చూస్తూ నిలబడిపోయింది. గోవర్ధన్ పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"ఏంటలా చూత్తన్నావు? రాయి ఎప్పుడూ చూళ్ళేదా?"

"మూడడుగుల రాయి రెండడుగుల బోదె దాటింది. తొమ్మిదడుగుల కాలవ దాటాలంటే ఎంత కావాలి?"

"అటో అడుగున్నర, ఇటో అడుగున్నర ఆనాలి. పన్నెండు." అని చెప్పేశాక అతనికి సంగతి తట్టింది. నోట్లో పుల్ల అలాగే ఉండిపోయింది.

ఇద్దరూ మోటారుసైకిలెక్కి చిట్టబ్బాయి దగ్గరికి వెళ్ళారు.

"పన్నెండడుగుల శిలాఫలకానికి ఎన్ని పేర్లు కావాలండీ?" అని అడిగింది దేవిక.

చిట్టబ్బాయి ఉలి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళలో పేర్లకి ఎంత రాయి కావాలని అడిగినవాళ్ళే తప్ప, రాయికి ఎన్ని పేర్లు కావాలని ఎవరూ అడగలేదు.

"పైనా కిందా లతలకి అడుగున్నర చొప్పున పోతుందమ్మా. మధ్యలో తొమ్మిదడుగులు పేర్లు పడాల. ఉత్త పేర్లయితే నలభై పైమాటే. హోదా పొడుగ్గా ఉన్నోళ్ళని పట్టుకొచ్చారనుకోండి, ఒక్కోడు ఇద్దరి చోటు తింటాడు. ఉన్న పదమూడు మందికి తోడు ఇంకో ఇరవై ముగ్గురు సాలు."

"ముప్పై ఆరుగురు," అంది దేవిక. లోకంలో ఇంకా పేరు చెక్కించుకోని పెద్దమనుషులు ఇరవై ముగ్గురు ఎక్కడున్నారో వెతకాలి. ఆమెకి చిన్నప్పుడు చింతగింజలు ఏరుకున్నంత హుషారొచ్చింది.

మొదటి ఫోను మార్కెట్ కమిటీకి శాశ్వత ప్రత్యేక ఆహ్వానితుడిగా ఉన్న ఒకాయనకి చేసింది.

"నమస్కారమండీ. నడిపల్లిపాడు సర్పంచిని. మా వంతెన శిలాఫలకం మీద తమరి పేరు లేదండి."

"నా పేరెందుకు ఉంటుందమ్మా? మీ ఊరు నాకు తెలియదే."

"అదేనండీ మా ఊరి బాధ. మండల ఉపాధ్యక్షులవారి పేరుంది మరి."

"అతని పేరుందా?"

"ఏడో వరసలో ఉందండి. బంగారు రంగు."

సాయంత్రానికల్లా మనస్తాపం వచ్చేసింది, సంతకంతో సహా.

ఆ తర్వాత పది రోజులు దేవిక, గోవర్ధన్ మండలమంతా తిరిగారు. దారిలో ఎక్కడ మిరపకాయ బజ్జీలు కనిపిస్తే అక్కడ ఆగి, ఒక పొట్లంలోనే ఇద్దరూ తిని, మళ్ళీ బయల్దేరేవారు. పెళ్ళయ్యాక ఎటూ తీసుకెళ్ళలేదని గోవర్ధన్‌కి ఉన్న వెలితి ఆ పది రోజుల్లో తీరిపోయింది. గ్రంథాలయ కమిటీ మాజీ అధ్యక్షుడు, నీటి సంఘం కోశాధికారి, పశుసంవర్ధక సలహామండలిలో పశువు కాని ప్రతి ఒక్కరూ దొరికారు. అందరిలోకీ విలువైనవాడు ఒక బక్కపల్చని పెద్దమనిషి. ఆయన హోదా 'జిల్లా చేపల రైతుల సంక్షేమ సమన్వయ సంఘం గౌరవ సలహామండలి తాత్కాలిక ఉపాధ్యక్షులు'. చిట్టబ్బాయి లెక్కగట్టి, మూడు వరసలు పడుతుందని చెప్పినప్పుడు దేవిక ఆయనకి పాదాభివందనం చేసింది.

ఒక్కచోటే ఇబ్బంది అయింది. సహకార సంఘం డైరెక్టరు ఒకాయన, "నేనేం చేశానమ్మా, నా పేరెందుకు? ఆ చోట్లో ఇంకెవరిదైనా వేసుకోండి," అన్నాడు. దేవిక గంటసేపు బతిమాలినా ఆయన మనసు నొచ్చుకోనంటే నొచ్చుకోనన్నాడు. మజ్జిగ మాత్రం ఇచ్చాడు. ఇంత మంచివాళ్ళ వల్ల వంతెనలు రావని ఆమెకి ఆ రోజు బోధపడింది.

దరఖాస్తులు రాసే పని త్రిమూర్తులు మీద పడింది. మొదటి దానికి అతని చెయ్యి వణికింది. ఐదోదానికి వణుకు ఆగింది. పదోదానికి ఈల వేశాడు.

"అమ్మా, ఇందులో 'తీవ్ర' అని ఒక్క మాట చేర్చానండి. మామూలు మనస్తాపమైతే నెల్లాళ్ళ గడువుంటుంది. తీవ్ర మనస్తాపమైతే మూడు రోజుల్లో చర్య తీసుకోవాలి."

"ఇన్నేళ్ళూ ఈ తెలివి ఎక్కడ దాచారండీ?"

"ఫైల్లో పెట్టుకున్నానండి. ఎవరూ తెరవలేదు."

ఇరవై మూడు తీవ్ర మనస్తాపాలు ఒకేసారి బల్ల మీద పెట్టేసరికి పరాంకుశం లేచి నిలబడ్డాడు. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆయన మొహం దీపావళి నాటి వీధిలా వెలుగుతూ వచ్చింది.

"ముప్పై ఆరుగురు గౌరవనీయులు ఒకే శిల మీద. ఇంతటి సమగ్రమైన ప్రోటోకాల్ నా సర్వీసులో చూడలేదమ్మా. రాయి కొంచెం పొడుగవుతుంది."

"పన్నెండడుగులండి," అంది దేవిక, సాధ్యమైనంత నీరసంగా.

"అంతెందుకు? రెండు వరసలుగా వేద్దాం. పద్దెనిమిది మంది ఇటు, పద్దెనిమిది మంది అటు. ఆరడుగుల్లో సరిపోతుంది."

త్రిమూర్తులు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. దేవిక చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అంది.

"అలాగే చేద్దామండి. కాకపోతే పంతొమ్మిదో ఆయన రెండో వరసలో మొదట వస్తారు. నీటి సంఘం కోశాధికారిగారు. ఆయన సరిగ్గా మంత్రిగారి పక్కన, మంత్రిగారంత ఎత్తులో ఉంటారు."

పరాంకుశం మొహంలో రంగు మారిపోయింది. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు.

"మీరు నన్ను కాపాడారమ్మా. ఒకటే వరస. పన్నెండడుగులు."

"అంత పొడుగు రాయి మామూలు మందంలో అయితే లారీలోనే విరుగుద్దని చిట్టబ్బాయి అంటున్నాడండి. సరిగ్గా ఎక్కడ విరుగుద్దంటే, శాసనసభ్యుల పేరు దగ్గర అట."

"మందం ఎంత ఉండాలంటాడు?"

"ఏడంగుళాలు."

"ఎనిమిది రాయండి," అన్నాడు పరాంకుశం.

జూన్ తొమ్మిదో తారీఖున రాయి వచ్చింది. పన్నెండడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. దాన్ని దించడానికి వచ్చిన క్రేను చుట్టూ ఊరు ఊరంతా చేరింది. పడమట మబ్బు పట్టి ఉంది. బడి తెరవడానికి మూడు రోజులుంది. రాయిని ఎక్కడ దించాలో చూడ్డానికి పరాంకుశం స్వయంగా వచ్చాడు. దేవిక ఆయనకి వేపచెట్టు కింద కుర్చీ వేయించి, కొబ్బరిబోండం ఇప్పించి, పక్కన నిలబడి అడిగింది.

"నిరభ్యంతర పత్రం రాకుండా రాయిని నిలబెట్టకూడదంటారు కదండీ?"

"నిలబెట్టరాదు."

"అయితే మా పెరట్లో పెట్టుకోమంటారా?"

"పెద్దరాయి కదా. ఐదడుగులు దాటినది పనిస్థలంలోనే ఉండాలి."

"అంటే కాలవ దగ్గర. పడుకోబెట్టాలి. పేర్లు పైకి పెడదామాండీ? కొంగలు వాలతాయి మరి."

పరాంకుశం ఒకసారి కొంగల వంక, ఒకసారి మంత్రిగారి పేరు వంక చూశాడు. "పక్షుల వ్యర్థములకు గురికారాదు. కిందికి పెట్టండి."

"కింద మట్టండి. పేర్లకి మట్టి అంటుతుంది."

"మట్టి అంటరాదు," అన్నాడు పరాంకుశం వెంటనే. తర్వాత చాలాసేపు ఆలోచించాడు. పేర్లు పైకి ఉండకూడదు. కిందికి ఉంటే కింద నేల ఉండకూడదు. కాలవ దగ్గరే ఉండాలి. ఆయన సర్వీసులో ఇంత చిక్కు ఎప్పుడూ రాలేదు. "ఈ పరిస్థితికి పరిష్కారం లేదమ్మా."

దేవిక కూడా తనకేమీ తోచనట్టు కాలవ వంక చూసింది. చూసి, చూసి, అంది. "రాయికి రెండు చివర్లా లతలే కదండీ ఉన్నవి. లతలకి మట్టి అంటితే ఎవరికైనా మనస్తాపమా?"

"లతలకు ప్రోటోకాల్ లేదు."

"అయితే లతల్ని ఈ గట్టు మీదా ఆ గట్టు మీదా ఆనిస్తే, పేర్లన్నీ మధ్యలో గాల్లో ఉంటాయి. చల్లగా."

"కింద నీళ్ళు ఉంటాయి కదా."

"తడి తగలకుండా రెండడుగుల ఎత్తు దిమ్మెలు కట్టాం." దిమ్మెలు పేటవాళ్ళు నాలుగు రోజుల కిందటే కట్టేశారు. ఎందుకని అడిగినవాళ్ళకి, బట్టలు ఉతుక్కోవడానికని చెప్పారు.

పరాంకుశం అక్కడికక్కడే అనుమతి రాసిచ్చాడు. 'సదరు శిలాఫలకమును గౌరవనీయుల గౌరవమునకు భంగము కలుగని రీతిలో అధోముఖముగా, ఉభయ తీరములపై ఆనించి, తాత్కాలికముగా భద్రపరచవలెను.' సంతకం చేశాక ఆయనకి ఒక్క సందేహం వచ్చింది. "దీని మీద ఎవరైనా నడిస్తేనో?"

"అడుగు వెనకవైపు పడుతుంది కదండీ. వెనక పేర్లు లేవు."

ఆయన కాసేపు కళ్ళు మూసుకుని తెరిచాడు. "వెనకవైపు ప్రోటోకాల్ పరిధిలోకి రాదు."

క్రేను రాయిని పట్టుకుని లేచింది. ముప్పై ఆరుగురు పెద్దమనుషులు గాల్లో ఒక్క క్షణం ఊగి, నెమ్మదిగా కాలవ మీద బోర్లా పడుకున్నారు. వాళ్ళలో చాలామంది ఒక ఊరికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

పన్నెండో తారీఖున జోరు వానలో బడి గంట కొట్టారు. అవతలిపేట పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు రాయి మీద నుంచి నడిచి వెళ్ళారు. ఒకడు మధ్యలో ఆగి, రాయి కదులుతుందేమోనని గెంతి చూశాడు. కదల్లేదు. వాడికి కాస్త నిరాశగానే ఉంది. దేవిక ఇవతల గొడుగు కింద నిలబడి ఒకటి నుంచి లెక్కపెట్టింది. నలభై ఆరు అనేసరికి కొంగుతో ముక్కు తుడుచుకుంది. వానకి జలుబు చేసిందని గోవర్ధన్‌తో చెప్పింది. అతను అల్లం టీ పెట్టిచ్చాడు గానీ, ఆ మాట నమ్మలేదు.

సంతోషం మూడు వారాలు నడిచింది. జూలై మొదటి శనివారం పరాంకుశం మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో మిఠాయి పొట్లం ఉంది. కాలవ నిండుగా పారుతోంది, తాటిపట్టెలు ఎప్పుడో మునిగిపోయాయి. ఆయన గొడుగేసుకుని, రాయి మీద నుంచే అవతలిపేటకి నడిచి దేవిక ఇంటికొచ్చాడు.

"శుభవార్తమ్మా. జిల్లా మొత్తం మీద ఏ గౌరవనీయుడూ నొచ్చుకోలేదు. నిరభ్యంతర పత్రం వచ్చేసింది. చరిత్రలో ఇదే మొదటిది. సోమవారం క్రేను పంపుతున్నాను."

"క్రేను ఎందుకండీ?"

"రాయిని లేపి నిలబెట్టాలి కదా. ఆవిష్కరణ ఉంటుంది."

"మరి వంతెన?"

"నిలబెట్టాక మీరు ప్రతిపాదనలు పంపుతారు. వచ్చే సంవత్సరం పరిశీలిస్తారు. ఆ పై సంవత్సరం కొలతలు తీస్తారు. మొదటి మెట్టు ఎక్కేశాం." మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. 

ఆయన వసారాలో టీ తాగుతుంటే, లోపల వంటింట్లో దేవిక, గోవర్ధన్, త్రిమూర్తులు పేర్ల జాబితా ముందేసుకుని కూర్చున్నారు. ఒక్క పేరు మిగిలి ఉండాలి. ఒక్క మనస్తాపం దొరికితే చాలు, రాయి పడుకునే ఉంటుంది. కానీ జిల్లాలో హోదా ఉన్నవాడెవడూ మిగల్లేదు. దేవిక అంత శ్రద్ధగా పని చేసింది మరి.

"ఆ మజ్జిగ ఇచ్చినాయన్ని మళ్ళీ అడుగుదామా?" అన్నాడు గోవర్ధన్.

"ఆయన నొచ్చుకోడు. చచ్చినా నొచ్చుకోడు," అంది దేవిక. సోమవారం పొద్దున్న నలభై ఆరుగురు పిల్లలు సంచులతో గట్టు మీదికొచ్చి, నిలబడి, వెనక్కి వెళ్ళిపోవడం ఆమె కళ్ళకి కట్టింది.

సుభద్ర పొయ్యి దగ్గర కూర్చుని చేపలు కడుగుతోంది. ఆమెకి చదువు రాదు. జాబితా వంక ఒకసారి చూసి అడిగింది. "అంత పొడుగుందే, అందులో నీ పేరెక్కడుందమ్మాయ్?"

త్రిమూర్తులు వేలు పెట్టి పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాడు. పేర్లు కూర్చేటప్పుడు పరాంకుశం పై హోదాల నుంచి లెక్క మొదలుపెట్టాడు, దేవిక చుట్టుపక్కల ఊళ్ళలో వెతికింది. ఊరికి సర్పంచ్ ఒకరుంటారని ఆ రాయి రాసినవాళ్ళకీ, రాయించినదానికీ తట్టలేదు.

త్రిమూర్తులు జేబులోంచి కలం తీశాడు. "తీవ్రమా అండీ?"

"అతి తీవ్రం," అంది దేవిక.

కాగితం చదివిన పరాంకుశం టీ గ్లాసు కింద పెట్టేశాడు. "స్థానిక సర్పంచ్. స్థానిక సర్పంచ్ పేరే లేదు. నా చేతుల మీదుగా. అమ్మా, ఇన్నాళ్ళూ మీరు ఇంత బాధ కడుపులో దాచుకుని నాకు కొబ్బరిబోండాలు ఇప్పించారా?"

"పనుల హడావిడిలో పైకి చెప్పలేదండి."

"కొత్తది చెక్కిస్తాను. పన్నెండడుగుల మూడంగుళాలు. క్రేను ఆపేస్తాను."

"మరి ఇప్పుడున్నది?"

"పగలగొట్టరాదు, అమ్మరాదు, కదపరాదు," అన్నాడు పరాంకుశం కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడున్నది అక్కడే శాశ్వతంగా భద్రపరచవలెను."

గౌరవ పద్దుకి ఆలస్యం తెలియదు. రెండో పొడుగు రాయి జూలై ఆఖరికి వచ్చింది. మొదటిది ఏ కారణాల వల్ల అలా పడుకుందో అవే కారణాల వల్ల ఇదీ దాని పక్కనే పడుకుంది. ఐదడుగుల వెడల్పు అయింది. పాలక్యాన్ల సైకిళ్ళు దాటాయి, గేదెలు దాటాయి. గోవర్ధన్ దేవికని వెనక కూర్చోబెట్టుకుని మోటారుసైకిలు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఏ పనీ లేకపోయినా నాలుగుసార్లు దాటాడు. నాలుగోసారి మధ్యలో ఆపి, కింద పరుగెత్తే నీళ్ళని చూస్తూ అన్నాడు.

"ఆటో కూడా వచ్చేత్తే, పురిటికెళ్ళే ఆడోళ్ళు నడవక్కర్లేదు. మూడడుగులు తక్కువైంది."

"ఇంకెవరున్నారు? నేను కూడా ఎక్కేశాను కదా."

గోవర్ధన్ కాలరు సవరించుకున్నాడు. "ఉన్నాడొకడు. సర్పంచ్ భర్త."

సోమవారం ఇద్దరూ అర్జీతో మండల కార్యాలయానికి వెళ్ళారు. పరాంకుశం అద్దం కింది జాబితా అంతా చూశాడు. ఉత్తర్వుల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. సర్పంచ్ భర్త అనే హోదా నిబంధనల్లో ఎక్కడా లేదు."

గోవర్ధన్ మొహం వాడిపోయింది. ఆ రోజు మహిళా సర్పంచుల సమీక్షా సమావేశం. పరాంకుశం కిటికీ లోంచి వరండా వంక చూశాడు. పద్దెనిమిది కుర్చీల్లో పద్దెనిమిది మంది తెల్లచొక్కాల మగవాళ్ళు తమ భార్యల ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చాలాసేపు చూసి, ఉత్తర్వుల పుస్తకం మూసేశాడు.

"నిబంధనల్లో లేదు గానీ, ఈ అర్జీ తోసిపుచ్చితే ఇవాళ వరండా అంతా నొచ్చుకుంటుంది." కలం తీసి, కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు. "పొడుగెంత రాయమంటారు?"

"పొడుగు అదే ఉంచండి," అంది దేవిక. "ఈసారి వెడల్పు అరడుగు పెంచండి."